ప్రీస్కూల్ టీచర్ ఫైల్లో పిల్లలు కనిపించాలి

సంపాదకులకు నమస్కారం.

రెజ్యూమె రాయడం గురించి, ఇంటర్వ్యూలో మాట్లాడే తీరు గురించి మీ విద్యాపుటల్లో తరచూ రాస్తుంటారు. చిన్నపిల్లల చదువు రంగంలోకి వచ్చేవాళ్లకు వీటికంటే ఎక్కువ అక్కరకొచ్చేది తాము చేసిన పనికి నమూనాలు కూర్చుకున్న ఫైలు, అంటే పోర్ట్‌ఫోలియో. దాని గురించి మాత్రం ఎవరూ విడమరిచి చెప్పడం లేదు. ప్రీస్కూల్ టీచర్లకు శిక్షణ ఇచ్చే పనిలో, వాళ్లను ఎంపిక చేసే పనిలో ఉన్నవాళ్లం కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాం.

అభ్యర్థులు తెచ్చే ఫైళ్లలో చాలావాటికి ఒకటే జబ్బు. అట్ట మీద మెరుపు కాగితం, ప్రతి పేజీకీ రంగు అంచు, డిగ్రీ మొదలుకొని ఒక్కపూట వర్క్‌షాపు దాకా సర్టిఫికెట్లు, చివర్లో వార్షికోత్సవం ఫొటోలు. ముప్పై పేజీలు తిప్పినా ఒక్క పిల్లవాడు ఏం చేశాడో, అది చూసి టీచరు ఏం చేశారో తెలియదు. ఎంపిక చేసేవాళ్లు వెతికేది సరిగ్గా దానికోసమే.

ఇంటర్వ్యూలో ఫైలు తిరగేసేది మహా అయితే ఐదు నుంచి పది నిమిషాలు. అందుకని రెండు ఫైళ్లు పెట్టుకోవాలి. ఇంట్లో ఉండే పెద్ద ఫైల్లో అన్నీ చేరుతూ ఉంటాయి. చేత పట్టుకెళ్లేది అందులోంచి ఏరిన 15 నుంచి 20 పేజీలు. ఏ4 సైజు రింగు ఫైలు, ప్లాస్టిక్ కవర్లు, మొదట్లో పేజీ నంబర్లతో విషయసూచిక ఉంటే చాలు. తర్వాత రెజ్యూమె ఒకటి రెండు పేజీలు, పిల్లల చదువుపై మీ అవగాహన ఒక పేజీ, ఆ వెంటనే మూడు పరిశీలనలు (పిల్లలు ఏం చేశారో చూసి రాసుకున్నవి), వాటి నుంచి పుట్టిన ప్లాన్లు (తరగతిలో చేయించే పనుల పథకాలు). తరగతి గది అమరిక, రోజువారీ క్రమం, తల్లిదండ్రులకు రాసిన నోట్లు, శిక్షణల పట్టిక, సిఫారసు లేఖలు ఆ తర్వాతే రావాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇందులో పెట్టకండి. విడిగా తీసుకెళ్లి, అడిగితే చూపించండి.

ఫైలుకు ప్రాణం పరిశీలనే. చాలామంది ఇలా రాస్తారు: "బాబు చురుకైనవాడు. బ్లాకులంటే ఇష్టం. వస్తువులు పంచుకోడు." ఇవి మూడూ తీర్పులే. ఏం చూసి ఈ తీర్పులకు వచ్చారో చదివేవాళ్లకు అందదు. అదే సంఘటనను ఇలా రాయొచ్చు:

"ఉదయం 10.20, బ్లాకుల మూల. వయసు 3 ఏళ్ల 8 నెలలు. ఎనిమిది చెక్క దిమ్మెలు ఒకదాని మీద ఒకటి పేర్చాడు. తొమ్మిదోది పెట్టగానే అన్నీ పడిపోయాయి. అన్నిటికంటే వెడల్పాటి దిమ్మెను తీసి చిన్నదాని పక్కన పెట్టి చూశాడు. ఈసారి వెడల్పాటిది కింద పెట్టి మొదలుపెట్టాడు. పక్కనున్న పాప ఒక దిమ్మె తీసుకోబోతే చేత్తో ఆపి, 'అది అడుగుది, నాకు కావాలి' అన్నాడు."

ఇందులో విశేషణాలు దాదాపు లేవు. సమయం, చోటు, నెలలతో సహా వయసు, చేతులు చేసిన పని, నోటివెంట వచ్చిన మాట యథాతథంగా ఉన్నాయి. దీని కింద గీత గీసి, మీకు అర్థమైంది విడిగా రాయాలి: వెడల్పుకీ నిలకడకీ సంబంధం ఉందని గ్రహిస్తున్నట్టుంది, వస్తువును అది చేసే పనినిబట్టి 'అడుగుది' అని పిలిచాడు, దిమ్మె ఇవ్వకపోవడానికి కారణం కూడా చెప్పాడు. 'పంచుకోడు' అన్న ముద్ర ఇక్కడ ఎంత తొందరపాటో చూడండి.

అక్కడితో ఆపితే సగం పనే అవుతుంది. తర్వాతి పేజీలో ప్లాన్ ఉండాలి. వేర్వేరు వెడల్పుల అట్టపెట్టెలు ఆరు, ముగ్గురు పిల్లలు, పది నిమిషాలు, ఒకే ప్రశ్న: "ఏది అడుగున ఉంటే ఇది నిలబడుతుంది?" ఆ రోజు ఏం జరిగిందో రాయాలి. ఎవరూ వెడల్పు గురించి పట్టించుకోకుండా పెట్టెల్లో దూరి దాక్కున్నారనుకోండి, అదే రాయండి. మర్నాడు ఆ దూరే సరదాను పట్టుకుని మీరు ప్లాన్‌ను ఎలా మార్చారో రాస్తే ఆ పేజీ విలువ రెట్టింపవుతుంది. అనుకున్నవన్నీ అనుకున్నట్టే జరిగిన ఫైలును చదివేవాళ్లు నమ్మరు.

పరిశీలనలు పాడయ్యేది ఎక్కువగా ఆలస్యం వల్ల. జేబులో చిన్న నోట్‌ప్యాడ్ ఉంచుకుని అక్కడికక్కడే నాలుగు ముక్కలు, పిల్లలన్న మాట ఉన్నదున్నట్టు రాసుకోవాలి. ఆ సాయంత్రమే పూర్తి చేయాలి. రెండు రోజులు గడిస్తే పిల్లల మాట పోయి, మన మాట మిగులుతుంది. ఇరవై మంది పిల్లలపై ఇరవై పరిశీలనల కన్నా, ఒకే పాపపై ఆరు వారాల్లో రాసిన నాలుగు పరిశీలనలు ఎక్కువ చెబుతాయి, ఎందుకంటే మార్పు కనిపించేది అక్కడే. ఇంటర్వ్యూకి వారం ముందు కూర్చుని రాసినవి తేదీల దగ్గరే దొరికిపోతాయి.

ప్లాన్లలో కనిపించే పెద్ద లోపం లక్ష్యం. "పిల్లలు రంగులు నేర్చుకుంటారు" అని రాస్తే నేర్చుకున్నారో లేదో ఎలా తెలుస్తుంది? "నాలుగు రంగుల గుడ్డముక్కల్లోంచి అడిగిన రంగు ఎంచి ఇస్తారు" అంటే కంటికి కనిపిస్తుంది. ఒక ప్లాన్‌కు ఒక లక్ష్యం చాలు. వయసు, పిల్లల సంఖ్య, పట్టే సమయం, వస్తువుల పేర్లు లెక్కతో సహా, ఇంకా మాటలు రాని పాప ఉంటే ఏం మారుస్తారు, వేళ్లలో పట్టు తక్కువున్న బాబుకు ఏం ఇస్తారు, ఇవి ఉండాలి. భద్రత ఒక్క మాటలో తేల్చేసే విషయం కాదు. రెండేళ్ల పిల్లల ప్లాన్‌లో గింజలు, పూసలు కనబడితే అనుభవమున్నవాళ్లు అక్కడే ఫైలు మూసేస్తారు. మూడేళ్లలోపు వాళ్ల బొమ్మల పరీక్షకు వాడే గొట్టం వ్యాసం సుమారు 31.7 మిల్లీమీటర్లు. అందులో పూర్తిగా ఇమిడిపోయే వస్తువు గొంతుకు అడ్డం పడే ప్రమాదముంది. ఈ సంగతి తెలిసి వస్తువులు ఎంచుకున్నట్టు ప్లాన్‌లో కనిపించాలి.

పిల్లలు గీసే, చేసే బొమ్మల పేజీల్లోనూ కనిపించాల్సింది పిల్లలే. ఒకే అచ్చులో పోసినట్టున్న ఇరవై కాగితపు సీతాకోకచిలుకలు టీచరు కత్తెర పనితనాన్ని చూపిస్తాయి. వాటి బదులు ఒక్క పిచ్చిగీతల కాగితం పెట్టండి. కింద వయసు, ఏ రంగు కడ్డీ వాడింది, ఎంతసేపు గీసింది, గీస్తూ ఏమంది రాయండి. అసలు కాగితం ఆ పాపది, ఇంటికి వెళ్లాలి. ఫైల్లో నకలు చాలు.

మీ అవగాహన చెప్పే పేజీలో "పిల్లలు పువ్వుల్లాంటివారు" తరహా వాక్యాలు వద్దు. అవి ఎవరి ఫైల్లోనైనా ఒకేలా ఉంటాయి. రాసిన ప్రతి మాటకూ ఫైల్లో ఒక పేజీ సాక్ష్యం చెప్పాలి. "ఆటలోనే నేర్చుకుంటారని నమ్ముతాను, 9వ పేజీ చూడండి" అనగలగాలి. జర్మన్ విద్యావేత్త ఫ్రోబెల్ 1840లో కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టడం, ఇటలీ వైద్యురాలు మాంటిస్సోరి 1907లో రోమ్‌లో 'పిల్లల ఇల్లు' అనే తన తొలి బడి తెరవడం అందరూ రాస్తారు. పిల్లలు తమ పని తామే ఎంచుకునే మాంటిస్సోరి పద్ధతి పాటిస్తానని రాసి, ఫొటోల్లో పిల్లలందరూ ఒకేసారి ఒకే వర్క్‌షీట్ నింపుతూ కనిపిస్తే ఆ పేజీ మీకే ఎదురు తిరుగుతుంది. పెద్ద పేర్ల కంటే, పిల్లవాడు తనకు నచ్చిన పనిని తానే అరలోంచి తీసుకుని, ముగించాక అక్కడే సర్దేలా మీరు చేసిన ఏర్పాటు గురించి రెండు వాక్యాలు రాయడం మేలు.

తల్లిదండ్రులకు రాసిన నోట్లలో ఒకటైనా ఇబ్బందికరమైన సందర్భానిది ఉండాలి. పండుగ సెలవుల నోటీసు ఎవరైనా రాస్తారు. కొరకడం గురించి రాసేటప్పుడు తెలుస్తుంది టీచరు సత్తా: "ఈ రోజు 11 గంటలకు బొమ్మ కోసం జరిగిన పెనుగులాటలో పాప కుడిచేతిపై పంటి గుర్తు పడింది. చర్మం చీరలేదు. సబ్బుతో కడిగి చల్లటి గుడ్డ పెట్టాం. పావుగంటలో మళ్లీ ఆడుకుంది. రేపటి నుంచి అలాంటి బొమ్మలు రెండు ఉంచుతున్నాం." కొరికిన పిల్లవాడి పేరు లేదు, నింద లేదు, జరిగింది ఉంది, చేసింది ఉంది, చేయబోయేది ఉంది. కుటుంబాల మాటకు విలువ ఇవ్వడంలో కొన్ని చోట్ల మంచి పద్ధతులున్నాయి. అమెరికాలో చిన్నపిల్లల టీచర్లకిచ్చే సీడీఏ (చైల్డ్ డెవలప్‌మెంట్ అసోసియేట్) అనే అర్హతకు 120 గంటల శిక్షణ, 480 గంటల అనుభవంతో పాటు పోర్ట్‌ఫోలియో కూడా అడుగుతారు. అందులో ఆరు సామర్థ్యాలపై అభ్యర్థి రాసుకున్న ఆత్మపరిశీలనతో పాటు పిల్లల కుటుంబాలు నింపి ఇచ్చిన ప్రశ్నావళులూ ఉంటాయి.

సర్టిఫికెట్లను పట్టికగా ఒక్క పేజీకి కుదించవచ్చు: శిక్షణ పేరు, తేదీ, గంటలు, దాని వల్ల తరగతిలో మీరు మార్చిన ఒక్క విషయం. ఆ నాలుగో గడి ఖాళీగా మిగిలిన శిక్షణను పట్టికలోంచి తీసేయండి. ప్రథమ చికిత్స సర్టిఫికెట్‌కు గడువుంటుంది. గడువు దాటిందో లేదో ముందే చూసుకోండి.

ఇక అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త కావాల్సింది పిల్లల గోప్యతలో. బడి తన పత్రిక కోసం తీసుకున్న ఫొటో అనుమతి మీ సొంత ఫైలుకు చెల్లదు. ఎందుకు, ఎవరికి చూపిస్తారో రాసి, తల్లిదండ్రుల సంతకం విడిగా తీసుకోవాలి. అనుమతి ఉన్నా ముఖాల కంటే చేతులు, పని కనిపించే ఫొటోలే మంచివి. యూనిఫాంపై బడి గుర్తు, వెనుక గోడపై పుట్టినరోజుల పట్టిక, సంచీల మీద పేర్లు చాలామంది గమనించరు. పేరును తొలి అక్షరానికి కుదిస్తే సరిపోదు, ఆ తరగతి తెలిసినవాళ్లు ఇట్టే పోల్చుకుంటారు. సంబంధం లేని అక్షరం పెట్టండి. పీడీఎఫ్‌లో పేరు మీద నల్లపట్టీ గీస్తే కింద అక్షరాలు అలాగే ఉండిపోవచ్చు, కాపీ చేస్తే బయటపడతాయి. పేరు తీసేసిన తర్వాతే పీడీఎఫ్ చేయాలి. ఫోన్‌లో తీసిన ఫొటోలో చోటు వివరాలు నిక్షిప్తమై ఉండొచ్చు, వాటినీ తొలగించాలి. జబ్బులు, ఇంటి తగాదాలు, ఎదుగుదలలో లోపాల గురించిన నివేదికలు ఏ రూపంలోనూ ఫైల్లోకి రాకూడదు. ఇంటర్వ్యూకి వచ్చినవాళ్ల ఫైల్లో ఒక పాప పేరు, ముఖం, సమస్య మూడూ కనబడితే, రేపు మా బడి పిల్లల సంగతీ ఇంతేనని ఎంపిక చేసేవాళ్లు అనుకోవడం సహజం.

డిజిటల్ ప్రతి కావాలంటే ఒకే పీడీఎఫ్, 10 ఎంబీ లోపు, ఫైలు పేరులో మీ పేరు. సోషల్ మీడియా పేజీని పోర్ట్‌ఫోలియోగా చూపించవద్దు.

ఇంకా ఉద్యోగం చేయని విద్యార్థులు నిరాశపడనక్కర్లేదు. ప్రాక్టికల్స్ కోసం వెళ్లిన బడిలో అనుమతితో చేసిన నాలుగు పరిశీలనలు, అమలు చేసిన రెండు ప్లాన్లు ఉన్నా ఫైలు నిలబడుతుంది. అమలు చేయని ప్లాన్ పెడితే ఆ సంగతి పైనే రాయండి. దాన్ని చేసి చూసినట్టు రాస్తే రెండో ప్రశ్నకే తెలిసిపోతుంది.

శిక్షణ కళాశాలలకు మా విన్నపం: అలంకరణకు మార్కులు వేయడం ఆపండి. అంచులు, మెరుపులకు రాత్రంతా కూర్చున్న విద్యార్థికి పరిశీలన తిరగరాసే ఓపిక ఎక్కడుంటుంది? ఆ మార్కులు ఒక పరిశీలనను రెండోసారి మెరుగుపరిచి రాసినందుకు వేయండి.

బడుల యాజమాన్యాలకు మరో మాట. పిల్లల రికార్డులు బడివే, టీచరు వాటిని పట్టుకుపోకూడదు. నిజమే. కానీ పేర్లు తీసేసిన నకలు ఉంచుకోవడానికి ఉద్యోగంలో ఉండగానే రాతపూర్వక అనుమతి ఇవ్వొచ్చు. మానేసిన తర్వాత అడిగితే ఎవరూ ఇవ్వరు, ఏళ్ల తరబడి చేసిన పని చూపించడానికి టీచరు చేతిలో ఏమీ మిగలదు. ఉద్యోగంలో చేరేటప్పుడే ఒక పేజీ అనుమతి పత్రం, వారానికి అరగంట రాసుకునే సమయం ఇస్తే చాలు. ఆ అరగంట రాతలు బడికీ పనికొస్తాయి, తల్లిదండ్రుల సమావేశంలో పాప గురించి చెప్పడానికి నిర్దిష్టమైన విషయం ఉంటుంది.

ఇట్లు,
ప్రీస్కూల్ టీచర్ల శిక్షకులు కొందరు