తాయత్తు జోలికి పోవద్దు, సీసా సంగతి అడగండి

సంపాదకుడు గారికి,

వానలు మొదలై పిల్లల వార్డులు నిండాయంటే మన వైపు ఒక మాట తరచూ వినపడుతుంది. ‘ఈ తాయత్తులేంది, ఈ పసర్లేంది, గింతదాంక తెచ్చుకొని ఇప్పుడొస్తరా?’ అనేది ఆస్పత్రి మనుషులు, తలవంచుకొని నిలబడేది తల్లి. ఆ కసురుకు నమ్మకం పోదు, తల్లి నోరు మాత్రం మూతపడుతుంది. ఆ తర్వాత ఎవరు ఏమడిగినా ‘ఏం పెట్టలే సారూ’ అనే అంటుంది. బిడ్డ కడుపులో వస ఉందో, వేపనూనె ఉందో, ఊళ్లో ఆర్‌ఎంపీ పొద్దున వేసిన జ్వరం మందు ఉందో తెలియకుండానే వైద్యం మొదలవుతుంది. ఇంటి నమ్మకాలకు విలువ ఇవ్వమని మేం అడిగేది ఇందుకే. ఉమ్మడి నల్లగొండ, పాలమూరు పల్లెల్లో పిల్లలకు వాడేవాటిలో ఏది ఉండనివ్వాలో, ఏది మార్చాలో, ఏది ఆపాలో కొంచెం వివరంగా రాస్తున్నాం.

ముందు అడిగే తీరు. ‘నాటుమందు వాడిండ్రా?’ అంటే ‘లేదు’ అనే జవాబు వస్తుంది, తప్పు పట్టడం ఆ ప్రశ్నలోనే ఉంది గనక. ‘ఇక్కడికి రాకముందు ఇంట్ల ఏమేం చేసిండ్రు?’ అని అడగాలి. అదీ తల్లి పక్కనున్న నాయనమ్మనో అమ్మమ్మనో. అరగదీసిందీ, పోసిందీ చాలాసార్లు ఆమే. నోట్లోకి ఏమిచ్చారు, ముక్కులో చెవిలో ఏం పోశారు, కళ్లలో ఏం పిండారు, ఒంటికి ఏం రాశారు అని విడివిడిగా అడగాలి. చాలామంది లెక్కలో కడుపులోకి పోయిందే మందు, కంట్లో పిండిన పసరు, ముక్కులో వేసిన ఆముదం చుక్క గుర్తుకే రావు. ఎప్పుడిచ్చారు, ఏ చెంచాతో, ఎన్నిసార్లు అన్నది ఓపీ చీటీ మీద టైముతో సహా రాయాలి. వేరో సీసానో ఉంటే తెప్పించి చూడాలి. లేబుల్ లేని పొడి పొట్లమైతే అది ఆకో, భస్మమో, నూరిన స్టెరాయిడ్ మాత్రో కంటితో చెప్పలేం, ఆపించడం ఒక్కటే దారి.

దిష్టి తీయడం, విబూది పెట్టడం, తాయత్తు, ముడుపు – వీటి జోలికి ఎవరూ పోనక్కర్లేదు. దిష్టి మిరపకాయలు నిప్పుల్లో వేసేటప్పుడు మాత్రం ఆయాసంతో ఉన్న పిల్లను దూరంగా ఉంచాలి, ఆ ఘాటుకు ఊపిరి గొట్టాలు ఇంకా ముడుచుకుంటాయి. తాయత్తు మెడలో కంటే మొలతాడుకు ఉంటే నయం. మెడలో దారం నిద్రలో బిగుసుకునే ప్రమాదం ఉంది, పైగా ఛాతీ ఎక్స్‌రేలో ఆ రేకు అడ్డం పడుతుంది. ‘తీసి పారెయ్’ అనకుండా ‘నడుముకు కట్టమ్మా’ అంటే కాదనేవాళ్లు తక్కువ. సెలైన్ పెట్టిన చేతికి మాత్రం ఏ దారమూ వద్దు. చెర్వుగట్టు జడల రామలింగేశ్వరుడికో, జాన్‌పహాడ్ దర్గాకో, కురుమూర్తి స్వామికో మొక్కుకోవడం వేరు, పిల్ల ఎగపోస్తుండగా అక్కడికి ప్రయాణం కట్టడం వేరు. ముడుపు ఆచారంలోనే దీనికి దారి ఉంది. పసుపు గుడ్డలో రూపాయి కట్టి దేవుడి ముందు పెట్టేది ఇప్పుడు, గుడికి పోయి చెల్లించేది పిల్ల లేచి తిరిగాక. ‘ముడుపు కట్టి 108 ఎక్కండవ్వా’ అనే నర్సు మాటను ఇల్లంతా వింటుంది.

పురుడు వెళ్లేదాకా పసిబిడ్డను గడప దాటించరు. ఇందులో మంచే ఎక్కువ, పదిమంది చేతులు మారకుండా ఉంటుంది. ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికే వచ్చి చూడాలన్న నియమం ఉంది, ఇంట్లో కాన్పయితే మొదటి రోజు కూడా. బరువు, ఒంటి వేడి, బొడ్డు ఆమెకు చూపిస్తే ఆచారానికీ అడ్డు రాదు. బొడ్డుకు పసుపు, పేడ, బూడిద ఏదీ పెట్టొద్దు, పొడిగా ఉంచితే అదే రాలుతుంది. పసిబిడ్డ రొమ్ములు ఉబ్బితే పిండొద్దు. తల్లి హార్మోన్ల వల్ల వచ్చిన వాపు అది, దానంతటదే తగ్గుతుంది, పిండితే చీము పడుతుంది. 2 నెలల లోపు బిడ్డకు జ్వరం వచ్చినా, ఒళ్లు చల్లబడినా, పాలు మానేసినా మాత్రం పురుడు, మంగళవారం, అమావాస్య ఏవీ చూడకూడదు.

అమ్మవారు పోసినప్పుడు మన ఇళ్లలో చేసేవాటిలో చాలావరకు డాక్టర్లు చెప్పేవే. గుమ్మానికి వేపమండలు కడితే బయటివాళ్లు లోపలికి రారు. మెత్తటి బట్టలు, వేపాకు వేసిన గోరువెచ్చని నీళ్ల స్నానం, గోళ్లతో గీరకుండా వేపరెమ్మతో నిమరడం, పెరుగన్నం, ఇవేవీ మార్చక్కర్లేదు. దేవరకొండ తండాల్లో సీత్లా భవానికి మొక్కే ఇళ్లలోనూ ఇదే మాట. తల్లి కోపగిస్తుందని ఏ మందూ వేయకపోవడం దగ్గర చిక్కు వస్తుంది. జ్వరానికి పారాసిటమాల్ వేయొచ్చు, కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, రోజుకు 4 సార్లకు మించకుండా. ఆస్పిరిన్ ఉన్న మాత్రలు పిల్లలకు వేయకూడదు, కాలేయాన్నీ మెదడునూ దెబ్బతీసే రేస్ సిండ్రోమ్ రావచ్చు. ఇబుప్రొఫెన్ కూడా ఆ రోజుల్లో వద్దు. వేపాకు మంచిదని వేపనూనె తాగించేవాళ్లున్నారు. ఆకు స్నానం వేరు, గింజల నూనె కడుపులోకి పోవడం వేరు. చిన్నపిల్లలకు కొన్ని మిల్లీలీటర్లకే వాంతులు, మగత, ఫిట్స్ వస్తాయి, ప్రాణం పోయిన పిల్లలూ ఉన్నారు.

నీళ్ల పొక్కుల అమ్మవారినీ, తట్టునూ ఒకటే అనుకోవడం ఇంకో పొరపాటు. తట్టులో ముందు జ్వరం, దగ్గు, ఎర్రటి కళ్లు, ఆ తర్వాత ముఖం మీద మొదలైన దద్దు కిందికి దిగుతుంది. ఈ పిల్లలకు విటమిన్ ఎ వరుసగా రెండు రోజులు పడాలి. ఏడాది దాటితే రోజుకు 2 లక్షల యూనిట్లు, 6 నుంచి 11 నెలల వాళ్లకు లక్ష, అంతకంటే చిన్నవాళ్లకు 50 వేలు. చూపు పోకుండా కాపాడేది అదే. వేపమండలు గుమ్మానికి ఉండగానే ఏఎన్‌ఎం వచ్చి ఆ చుక్కలు వేసి పోవచ్చు, అమ్మవారికి అందులో అపచారమేమీ లేదు.

ఇక ఉగ్గు. సానరాయి మీద వసకొమ్మును ఒకటి రెండు చుట్లు తిప్పి, తల్లిపాలతో నాలుకకు రాసే అవ్వల చేతిలో ఒక కొలత ఉండేది. ఇప్పుడు కొట్లో వస పొడి డబ్బా దొరుకుతోంది, చెంచాతో కలిపి పోస్తున్నారు. సాన మీద దిగేది వేలి కొసకు అంటేంత, చెంచా పొడి దానికి ఎన్నో రెట్లు. వసలో బీటా ఆసరోన్ అనే పదార్థం ఉంటుంది, ఎక్కువైతే వాంతులు ఆగవు. 6 నెలల దాకా తల్లిపాలు తప్ప ఇంకేదీ వద్దనేది మా మాట. అవ్వ మనసు ఒప్పకపోతే వసకొమ్మును బిడ్డ చేతికి అందకుండా ఉయ్యాల పైన కట్టుకోమనండి. ఆముదం ఒంటికైతే సరే, ముక్కులో, గొంతులో పోయొద్దు. నీళ్లు పొలమారితే దగ్గు వస్తుంది, నూనెకు ఆ దగ్గు సరిగా రాదు. అందుకే చడీచప్పుడు లేకుండా ఊపిరితిత్తుల్లోకి జారి, వారాల తరబడి తగ్గని నిమ్ము (న్యుమోనియా) చేస్తుంది. కర్పూరం కరిగించిన కొబ్బరినూనె 2 ఏళ్ల లోపు పిల్లల ఛాతీకి, ముక్కు దగ్గర రాయొద్దు. పూజ కర్పూరం బిళ్ల పటికబెల్లం ముక్కలా ఉంటుంది, నోట్లో వేసుకున్న పిల్లకు గ్రాము లోపే చాలు, నిమిషాల్లో ఫిట్స్ రావచ్చు. తేనె ఏడాది లోపు వద్దే వద్దు. నల్లమల చెంచులు తెచ్చిన అసలైన తేనె అయినా అంతే, పసిబిడ్డల ఒళ్లు చచ్చుబడేలా చేసే బొటులిజం జబ్బు బీజాలు అందులో ఉండొచ్చు, అవి ఇంట్లో కాచినంతమాత్రాన చావవు. ఏడాది దాటాక రాత్రి పడుకునే ముందు అర టీ చెంచా తేనె మాత్రం దగ్గుకు నిజంగానే పనిచేస్తుంది.

కామెర్ల పసరు మీద జనానికి అంత గురి ఎందుకు కుదిరిందంటే, పెద్ద పిల్లలకు వచ్చేవి ఎక్కువగా హెపటైటిస్ ఎ కామెర్లు. కలుషిత నీళ్లతో వచ్చి, కొన్ని వారాల్లో వాటంతటవే పోతాయి. పేరు పసరుకు దక్కుతుంది. నేల ఉసిరి ఆకు మీద మాకు పేచీ లేదు. పేచీ కంట్లో, ముక్కులో పిండే పసరుతో, చేతి మీద పెట్టే వాతలతో. వాత పుండై చీము పట్టి, అసలు జబ్బు కంటే అదే పెద్దదవుతుంది. ఇక్కడ మాత్రం ‘మీ ఆచారం మీది’ అనలేం, పిల్ల ఒళ్లు కాల్చే హక్కు ఎవరికీ లేదు. కామెర్ల పిల్ల మగతగా ఉన్నా, పొంతన లేకుండా మాట్లాడినా, చిగుళ్ల నుంచి రక్తం వచ్చినా ఆ పూటే పెద్దాస్పత్రికి పోవాలి. పసిగుడ్డుల కామెర్లు పూర్తిగా వేరు. పుట్టిన 24 గంటల్లో పసుపు కనపడినా, అరచేతులకు, అరికాళ్లకు దిగినా ఎండ చూపించి ఆగకూడదు, ఆ పసుపు మెదడుకెక్కితే వినికిడి పోతుంది, కాళ్లుచేతులు వంగవు. నీలి లైటు కిందే పెట్టాలి.

విరేచనాల్లో మన వంటిల్లే సగం ఆస్పత్రి. ఉప్పు వేసిన బియ్యం గంజి, జొన్న అంబలి, తైద జావ, పల్చటి సల్ల అన్నీ ఇవ్వొచ్చు. పక్కన ఓఆర్‌ఎస్ ఉండాలి. ప్రభుత్వ పొట్లం 20.5 గ్రాములది, లీటరు నీళ్లకు మొత్తం పొట్లం ఒకేసారి కలపాలి. పొట్లం విప్పి గ్లాసుకు చిటికెడు చొప్పున వేసుకుంటే ఒక గ్లాసు చిక్కనై ఒంట్లో సోడియం పెరుగుతుంది, ఇంకో గ్లాసు ఉత్త నీళ్లవుతాయి. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి. పొట్లం దొరక్కపోతే లీటరు నీళ్లకు 6 టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, రెండూ తలకొట్టి కొలవాలి. 2 ఏళ్ల లోపు పిల్లకు విరేచనం అయిన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు, అంతకు పెద్ద పిల్లలకు 100 నుంచి 200, చెంచాతో కొంచెం కొంచెంగా పోయాలి. వాంతి అయితే 10 నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టాలి. జింక్ మాత్ర 14 రోజులు, 6 నెలలు దాటితే 20 మిల్లీగ్రాములు, 2 నుంచి 6 నెలల వాళ్లకు 10. మూడో రోజు విరేచనాలు కట్టుకోగానే మానేస్తున్నారు, అక్కడే దాని ఫలితం పోతోంది. ‘లంకణం పరమౌషధం’ అని పిల్లను పస్తు పెట్టొద్దు. ఆయుర్వేదంలోనూ బాలలకు, వృద్ధులకు, గర్భిణులకు లంకణం వద్దనే చెబుతారు.

కషాయం గురించి ఒక స్థానిక సంగతి. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ బోరు నీళ్లతో కషాయం పెట్టి సగానికి మరిగిస్తే ఫ్లోరైడ్ ఎటూ పోదు, చిక్కబడి రెట్టింపవుతుంది. మిషన్ భగీరథ నల్లా నీళ్లతోనే కాచండి. తులసి, మిరియం, శొంఠి ఏడాది దాటిన పిల్లలకు పల్చగా రెండు మూడు చెంచాలు చాలు. అట్లాగని ఇంగ్లీషు మందులన్నీ మేలనీ, నాటువన్నీ కీడనీ అనుకోవద్దు. క్లోర్‌ఫెనిరమిన్, ఫెనైలెఫ్రిన్ కలిసిన జలుబు సిరప్‌లు 4 ఏళ్ల లోపు వద్దని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023లోనే చెప్పింది. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో పిల్లల ప్రాణం తీసింది డైఇథిలీన్ గ్లైకాల్ అనే విష రసాయనం కలిసిన దగ్గు సిరప్. ఓఆర్‌ఎస్ అని రాసి అమ్మిన చక్కెర పానీయాల పేరు మార్పించడానికి హైదరాబాద్ డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాల్సి వచ్చింది, 2025 అక్టోబరులో గానీ ఆ పేరు వాడొద్దన్న ఉత్తర్వు రాలేదు. ఇవన్నీ చూసిన జనం కషాయం వైపు మొగ్గితే వెక్కిరించే అర్హత మనకు అంతగా లేదు.

ఫిట్స్ వస్తే చేతిలో తాళాల గుత్తి పెట్టడం వల్ల నష్టం లేదు, అది వెతికే వేళలో పిల్ల వెల్లకిలా ఉండిపోవడం నష్టం. ముందు పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో చెంచా, నీళ్లు, ఉల్లి రసం ఏదీ పెట్టొద్దు. 5 నిమిషాలు దాటినా, మళ్లీ వచ్చినా 108. ఊపిరి లెక్క పెట్టడం ఇంట్లో ఎవరైనా చేయొచ్చు, పిల్ల ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా ఎత్తి పూర్తి ఒక నిమిషం చూడాలి. 2 నెలల లోపు 60, ఏడాది లోపు 50, 5 ఏళ్ల లోపు 40, ఈ అంకె తాకినా, డొక్కలు ఎగరేస్తున్నా నిమ్ము చేసినట్టే. ఏమీ తాగలేకపోవడం, తాగిందంతా కక్కడం, లేపినా లేవకపోవడం కూడా ఇంటి మందుకు ఆగే జబ్బు లక్షణాలు కావు.

జిల్లా వైద్యాధికారులను మేం కోరేది పెద్ద ఖర్చుతో కూడింది కాదు. పిల్లల ఓపీ చీటీ మీద ‘ఇంట్లో ఇచ్చినవి – ఎప్పుడు, ఎంత’ అని ఒక గీత అచ్చు వేయించండి. ఆశాల చేతికిచ్చే బొమ్మల కార్డుల్లో సానరాయి, ఆముదం సీసా, కర్పూరం డబ్బా బొమ్మలు చేర్చండి. తండాల కోసం అదే విషయం లంబాడీ మాటల్లో, తెలుగు లిపిలో రాయించండి. అంగన్‌వాడీలో బాలామృతం పంచే రోజున నాయనమ్మలను కూడా పిలిచి కూర్చోబెట్టండి.

– పిల్లల వార్డు నర్సులు, ఒక ఆయుర్వేద ఫార్మసిస్టు,
దేవరకొండ, నల్లగొండ జిల్లా