నిఘంటువు అరవై రూపాయలకు ఎందుకు పోయిందంటే

మన పాత పుస్తకాల కొట్టుకు వచ్చే అందరికీ నమస్కారం.

జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం రోజుల్లో మన దగ్గర ఒక పొరపాటు జరిగింది. లెనిన్ సెంటర్ దగ్గర దాని గురించి తలా ఒక రకంగా చెప్పుకుంటున్నారు కాబట్టి, అసలు సంగతి నేనే చెబుతాను.

ఒక పెద్దాయన కోసం తీసి ఉంచిన నాలుగు సంపుటాల పాత నిఘంటువును వేరే ఆయనకు అమ్మేశాం. ధర 600, పోయింది 60కి. అమ్మింది మన దగ్గర జీతం లేకుండా పనిచేస్తున్న అక్కయ్యగారు. నేనా సమయానికి చిల్లర కోసం బీసెంట్ రోడ్డులో తిరుగుతున్నాను.

పెద్దాయన పద్నాలుగేళ్లుగా వస్తున్న మనిషి. అడ్వాన్సు 200 తిరిగిచ్చి క్షమించమన్నాను. ఆయన కోపం న్యాయమే. కానీ వెళ్తూ వెళ్తూ, "రోగిష్టి వాళ్లను గల్లాపెట్టె దగ్గర కూర్చోబెట్టి ఈ బేరాలేంటయ్యా?" అన్నారు. అక్కయ్యగారు అక్కడే ఉన్నారు. ఆవిడకు మాట తడబడుతుంది గానీ చెవులు బాగానే పనిచేస్తాయి.

2023లో ఆవిడకు పక్షవాతం వచ్చింది. మెదడులో ఎడమ వైపు దెబ్బతింటే కుడి చెయ్యి, కుడి కాలు పట్టు తప్పుతాయి. చాలామందికి మాట కూడా ఆ ఎడమ వైపు నుంచే రావాలి. ఆవిడకు అన్నీ అర్థమవుతాయి. అయితే చెప్పాలనుకున్న మాటకు బదులు దాని పక్కింటి మాట బయటికొస్తుంది. సోమవారం అనబోయి శనివారం అంటారు, అని వెంటనే తల అడ్డంగా ఊపుతారు. ఆ రోజు 'ఆరు వందలు' అనబోతే 'అరవై' వచ్చింది. అట్ట లోపల పెన్సిల్‌తో 600 అని రాసే ఉంది. కొన్నాయన అది చూడలేదంటే నేను నమ్మను. సరిగ్గా అరవై లెక్కపెట్టి ఇచ్చి, సంచీలో వేసుకుని వెళ్లిపోయారట. నేను వచ్చేసరికి ఆవిడ బిల్లు పుస్తకం వెనక 600 అని వంకర అంకెలతో రాసి, కింద రెండు గీతలు కొట్టి, దాని మీద ఆ అరవై పెట్టుకుని కూర్చున్నారు.

తప్పు నాది. తీసి ఉంచిన సెట్టు మీద పేరు రాయలేదు, బీరువాలో పెట్టకుండా బల్ల కింద తోశాను.

తర్వాత తొమ్మిది రోజులు ఆవిడ రాలేదు. ఆ తొమ్మిది రోజులూ నాకు ఒకటే ఆలోచన. వెనక గదిలో పుస్తకాలు తుడిచే పని ఇస్తే ఏ గొడవా ఉండదని మా ఆవిడ కూడా అంది. ఇది దానంగా వచ్చిన పుస్తకాలతో నడిచే కొట్టు. మిగిలేది సింగ్ నగర్ పిల్లల నోటు పుస్తకాలకూ పరీక్ష ఫీజులకూ పోతుంది. అంటే పోయిన 540 ఆ పిల్లలది. అది నా జేబులోంచి గల్లాలో వేశాక సగం టెన్షన్ తగ్గింది.

మిగతా సగం తగ్గడానికి వరద రోజులు గుర్తు తెచ్చుకోవాల్సి వచ్చింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు తడిసిన పుస్తకాలు బస్తాలతో వచ్చాయి. నేను ఎండలో పరవబోతే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టారు. తడి కాగితం ఎండకు వంకర్లు పోతుంది. బొమ్మల పుస్తకాల్లో ఉండే నున్నటి కాగితమైతే అతుక్కుని ఆరిందంటే ఇక విడదీయలేం. నీడలో, ఫ్యాను కింద, కొన్ని పేజీలకొకటి చొప్పున పాత పేపరు దూర్చి, అది తడవగానే మార్చాలి. ఎడమ చేత్తో అయితే గబగబా అయిపోయేది. ఆవిడ కుడి చేత్తోనే చేశారు. వేళ్లు కదలకపోతే ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని మరీ చేశారు. వాడితేనే ఆ చెయ్యి దారికొస్తుందని ఫిజియోథెరపీ ఆయన చెప్పారట. సంక్రాంతి నాటికి పెన్సిల్ పట్టి ధరలు రాయడం మొదలుపెట్టారు. మొదట్లో ఆవిడ రాసిన 4 బోర్లా పడ్డ కుర్చీలా ఉండేది.

అలా వెనక గదిలో పనిచేస్తూ చెయ్యి బాగుపడింది, నిజమే. మాట బాగుపడాలంటే ఎదురుగా మనిషి ఉండాలి కదా! ఇంటికెళ్లి "ఎప్పుడొస్తారక్కా?" అని అడిగాను. "శనివారం" అన్నారు. తల అడ్డంగా ఊపలేదు. శనివారమే వచ్చారు.

కాబట్టి మంగళ, గురు, శనివారాల్లో నాలుగు నుంచి ఆరు దాకా గల్లా దగ్గర ఆవిడే ఉంటారు. అట్ట లోపల రాసిందే ధర. నోటి వెంట వేరే అంకె వస్తే రాసింది చూపించండి. మాట వెతుక్కుంటుంటే మీరు అందించకండి, కాసేపు ఆగండి. తొందరగా వెళ్లాల్సిన వాళ్లు ఆరు దాటాక రండి. గిరాకీ తగ్గితే తగ్గనివ్వండి, ఈ విషయంలో నేను మొండివాణ్ణే.

తీసి ఉంచమన్న పుస్తకాలన్నీ ఇప్పుడు పేరు, తేదీతో బీరువాలో ఉన్నాయి. మీవి ఉన్నాయో లేదో ఒకసారి చూసుకోండి.

పెద్దాయన కోసం అదే నిఘంటువు పాత పుస్తకాల కొట్లన్నీ తిరిగి వెతుకుతున్నాను. ఇప్పటికి మూడో సంపుటం ఒక్కటే దొరికింది. ఆయన వస్తే ఊరికే ఇచ్చేస్తాను. రాకపోయినా అది బీరువాలోనే ఉంటుంది. చీటీ మీద ఆయన పేరు అక్కయ్యగారే రాశారు.