కళ్లజోడు తెమ్మన్న సిస్టర్‌కు

నిమోనియాతో పదకొండు రోజులు కర్నూలు ఐసీయూలో ఉన్న మా నాయనను నిన్న పత్తికొండకు తీసుకొచ్చాం. డాక్టర్లకు అక్కడే దండం పెట్టి వచ్చాం. ఈ పోస్టు సిస్టర్ల కోసం. పేర్లు రాయొద్దన్నారు, రాయను.

వెంటిలేటర్ తీసిన మరుసటి రాత్రి నాయన టమోటా మార్కెట్లో ఉన్నాననుకున్నాడు. "గంపలు దించండ్రా, వేలం అయిపోతాంది" అని అరుస్తూ సెలైన్ పైపు లాగుతున్నాడు. నన్ను చూసి "ఎవరు నువ్వు?" అన్నాడు. గాలి సోకిందని మా అత్త తాయెత్తు కోసం ఫోన్లు మొదలుపెట్టింది. ఒకప్పుడు వేరే ఊళ్లో మా మేనమామకు ఇలాగే అయితే చేతులు మంచానికి కట్టేశారు. ఇక్కడా కడతారేమోనని నాకు టెన్షన్.

సిస్టర్ కట్టలేదు. "పిచ్చి కాదన్నా, డెలీరియం. ఇన్‌ఫెక్షన్, మత్తుమందులు, నిద్ర లేకపోవడం కలిసి ఇట్ల చేస్తాయి. పెద్దాయనకు కళ్లజోడు ఉందా? చెవి మిషన్?" అంది. రెండూ నా బ్యాగులోనే ఉన్నాయి, పోతాయని నేనే దాచాను! సరిగ్గా కనపడక, వినపడక ఆయనకు తానెక్కడున్నాడో ఎట్ల తెలుస్తుంది?

ఇక డ్యూటీ మారినప్పుడల్లా అదే మాట: "పెద్దాయనా, ఇది కర్నూలు, ఆసుపత్రి, ఈరోజు బుధవారం." పగలు కర్టెన్ తీసి కుర్చీలో కూర్చోబెట్టారు. రాత్రి లైట్లు తగ్గించి, నిద్ర చెడకుండా పనులన్నీ ఒకేసారి ముగించేవాళ్లు. డాక్టరును అడిగి మూత్రం పైపు కూడా తొందరగా తీయించారు.

ఒక మధ్యాహ్నం నాయన కదలకుండా పడుకుంటే హమ్మయ్య అనుకున్నాం. సిస్టర్ మాత్రం ఆయన చెయ్యి పట్టుకుని పది అక్షరాలు ఒక్కొక్కటే చదివింది, 'ఏ' వినపడితే నొక్కమంది. రెండు తప్పులు దాటితే ధ్యాస నిలవడం లేదని అర్థమట. 'ఏ' చాలాసార్లు వచ్చినా నాయన ఒక్కసారే నొక్కాడు. "ఇదీ డెలీరియమే. అరిచేవాళ్లు అందరికీ కనపడతారన్నా. మూగగా పడుకున్నవాళ్లనే కనిపెట్టడం కష్టం" అంది. ఆ మాట మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

మూడు రోజులకు సిస్టర్ రాగానే నాయనే అందుకున్నాడు: "శనివారం, కర్నూలు, ఆసుపత్రి. ఇంకేమన్నా అడుగుతావా పాపా?"

సిస్టర్లందరికీ మా ఇంటిల్లిపాదీ కృతజ్ఞతలు. నాయన మీకు రెండు గంపల టమోటాలు పంపుతాడట. వద్దంటారని చెప్పబోతే చెవి మిషన్ తీసి పక్కన పెట్టాడు.