ఆదివారం గోడ కట్టే క్లాసు (8, 9, 10 తరగతుల పిల్లలకు)

అందరికీ నమస్కారమండీ. ఈ ఆదివారం పొద్దున 7:30కి, మారతహళ్లిలో మన అపార్ట్‌మెంట్ వెనక ఖాళీ స్థలంలో.

పిల్లల పేర్లు శుక్రవారం రాత్రిలోపు ఇక్కడే పెట్టండి.

బూట్లు, ఫుల్ ప్యాంటు, రబ్బరు గ్లవ్స్ తప్పనిసరి. సిమెంటు నీళ్లు చర్మాన్ని కాలుస్తాయి. చెప్పులతో వస్తే తాపీ చేతికివ్వం.

మాలు (ఇటుకల మధ్య వేసే సిమెంటు ముద్ద) పాళ్లు: 1 సిమెంటు, 6 ఎం-శాండ్ (రాళ్లను పొడి చేసి తయారుచేసిన ఇసుక). అరగంటలో వాడేంతే కలపాలి. బిగిసినదానిలో మళ్లీ నీళ్లు పోస్తే బలం పోతుంది (పిల్లలు సరిగ్గా ఇదే చేస్తారు!). ఇటుకల మధ్య అతుకు 10 మి.మీ., నిలువు అతుకులు ఒకదానిపై ఒకటి రాకూడదు. మూడు వరసలకోసారి తూకం గుండు వేలాడదీసి గోడ నిటారుగా ఉందో చూడాలి, లెవెల్ (వరస అడ్డంగా సమంగా ఉందా అన్నది) ఒక్కటే చూస్తే గోడ ఒరుగుతుంది.

ఇటుకలు నానకపోతే మాలులోని నీళ్లు పీల్చేసుకుంటాయి, పట్టు రాదు. అందుకే వాటిని నానబెట్టడానికి శనివారం సాయంత్రం 6కి ఇద్దరు పెద్దవాళ్లు కావాలి. ఎవరొస్తారు?

తర్వాత 7 రోజులు గోడ తడపాలి. ఆ వంతులు పిల్లలవే.