త్రిభుజాన్ని తిప్పి చూపించు తల్లీ

బుజ్జి తల్లీ,

నీ వాయిస్ మెసేజ్ విన్నా. మొన కిందికున్న త్రిభుజాన్ని చూసి చిన్నోడు "ఇది ట్రయాంగిల్ కాదు, పడిపోయింది" అన్నాడని అంత కంగారెందుకే, వాడికింకా నాలుగేళ్ళు కూడా నిండలేదు కదా. ఈ వయసు పిల్లలు మూలలూ అంచులూ లెక్కపెట్టి గుర్తుపట్టరమ్మా, మొత్తం చూపుకి ఎలా ఉందో దాన్నే పట్టుకుంటారు. నెదర్లాండ్స్‌లో వాన్ హీలే దంపతులు, ఇద్దరూ లెక్కల టీచర్లే, 1957లోనే ఈ మాట చెప్పారు, మా అంగన్‌వాడీలో నేను చూసిందీ అదే.

మీ గోడ మీద చార్టు చూడు ఓసారి, అందులో త్రిభుజం ఎప్పుడూ అడుగు కింద ఆనించి మూడు పక్కలూ సమానంగా నిటారుగా ఉంటుంది, వాడు చూసింది అదొక్కటేనాయె, ఇంకోటి ఎలా ఒప్పుకుంటాడు? సన్నగా పొడుగ్గా ఉన్నవి, పక్కకి ఒరిగినవి, తలకిందులవి అన్నీ అట్టతో కత్తిరించి చేతికిచ్చెయ్, వాడే తిప్పుకుంటూ మూలలు వేలితో తడిమి ఒకటి, రెండు, మూడు అనుకుంటాడు. పాత క్యాలెండర్ కాగితం చదరంగా కత్తిరించి మూల నుంచి మూలకి కోసి ఆ రెండు ముక్కలూ ముందు పెట్టు, కలిపితే మళ్ళీ చదరం అవుతుంది, ఇంకోలా కలిపితే పెద్ద త్రిభుజం అవుతుంది, అది నువ్వు చెప్పకు, వాడికే దొరకనీ.

ఇంకోటి, ఖాళీ అగ్గిపెట్టెని తడి బియ్యప్పిండిలో అద్ది నల్ల కాగితం మీద ముద్ర వేయించు. పెద్ద వైపు, పక్క వైపు, చివర, మూడు వైపులకీ మూడు సైజుల దీర్ఘచతురస్రాలు పడతాయి, మా పిల్లలైతే ఆ ఆట వదిలేవాళ్ళు కాదు.

కథల పుస్తకం చదివేటప్పుడు మాత్రం ప్రతి పేజీకీ "ఇదేం షేపు, అదేం షేపు" అని పరీక్ష పెట్టకే, ముందు కథంతా హాయిగా చదువు, వాడే మళ్ళీ చదవమంటాడు కదా, అప్పుడు బస్సు చక్రాలు, కిటికీలు, గుడిసె కప్పు వెతికించు. రాత్రి చదివే పని అల్లుడుగారికి అప్పజెప్పు, ఆయన గొంతులో కథ వాడికి భలే ఇష్టం.

ఆ మాట్లాడే షేపుల బొమ్మ ఆర్డర్ పెట్టకు, ఆ డబ్బులకి బొమ్మల పుస్తకాలు రెండు కొను. సంక్రాంతికి వచ్చినప్పుడు వాకిట్లో నేను చుక్కలు పెడతా, వాడితో గీతలు కలిపిద్దాం, వంకర పోయినా నువ్వు సరిచెయ్యకూడదు సుమా.

ఉంటా,
అమ్మ