చిన్న చమురు సంస్థలకు మాట నిలిచే ఒప్పందం కావాలి

సంపాదకులు గారికి,

వెనిజులా చమురు రంగంలోకి విదేశీ సంస్థలను మళ్ళీ రానివ్వడంపై జరిగే చర్చల్లో షెవ్రాన్, ఎక్సాన్ వంటి పెద్ద కంపెనీల పేర్లే వినిపిస్తాయి గానీ, జాతీయం చేసిన రంగం తిరిగి తెరుచుకున్నప్పుడు అసలు అవకాశం చిన్న స్వతంత్ర సంస్థలకే ఎక్కువని నా అభిప్రాయం. శుద్ధి కర్మాగారాలూ పెట్రోలు బంకులూ లేకుండా చమురు వెతికి తీయడమే పనిగా పెట్టుకున్న ఈ సంస్థలు, ప్రభుత్వ కంపెనీలు పక్కన పెట్టిన క్షేత్రాలపై తక్కువ ఖర్చుతో, ఎక్కువ పట్టుదలతో పనిచేస్తాయి.

ఇందుకు తార్కాణం కోనసీమలోనే ఉంది. సూరసానియానం దగ్గరి రవ్వ క్షేత్రాన్ని కనుగొన్నది ప్రభుత్వ చమురు సంస్థ ఓఎన్జీసీయే అయినా, 1994లో ప్రైవేటు భాగస్వాములతో ఒప్పందం కుదిరి, తర్వాత స్కాట్లాండుకు చెందిన కెయిర్న్ నిర్వహణ చేపట్టాక అక్కడి ఉత్పత్తి ఎన్నో రెట్లు పెరిగింది. షెల్ వదులుకున్న రాజస్థాన్ బ్లాకులో (చమురు వెతకడానికి కేటాయించిన ప్రాంతంలో) పట్టు విడవక తవ్వి, 2004లో మంగళ క్షేత్రాన్ని కనుగొన్నదీ ఆ సంస్థే. మైనం ఎక్కువగా ఉండి, వేడి తగ్గితే గడ్డకట్టే ఆ చమురును తరలించడానికి దారి పొడవునా వేడిచేసే పైపులైను వేయవలసి వచ్చింది. బర్మా షెల్, ఎస్సో, కాల్టెక్స్‌లను 1970లలో జాతీయం చేసిన దేశంలో ఇది చిన్న విజయం కాదు.

అటువంటి సంస్థపైనే మనం, పాత లావాదేవీలకూ వర్తించేలా చేసిన 2012 నాటి పన్ను చట్ట సవరణను చూపించి, ఎప్పుడో ముగిసిన లావాదేవీకి పన్ను వేశాం. కెయిర్న్‌కు భారత్ 120 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని 2020లో అంతర్జాతీయ ట్రిబ్యునల్ తీర్పు చెప్పిన తర్వాత గానీ, 2021లో ఆ నిబంధనను వెనక్కి తీసుకోలేదు. మెక్సికోలోనూ ఇటువంటిదే జరిగింది. 1938లో జాతీయం చేసిన రంగాన్ని 2013లో రాజ్యాంగ సవరణతో తెరవగా, హ్యూస్టన్‌కు చెందిన టాలోస్ తన భాగస్వాములతో కలిసి 2017లో సముద్రంలో జామా క్షేత్రాన్ని కనుగొంది. ఆ నిక్షేపం పక్కనున్న, అక్కడి ప్రభుత్వ చమురు సంస్థ పెమెక్స్ బ్లాకులోకీ విస్తరించి ఉన్నందున, 2021లో ప్రభుత్వం నిర్వహణను పెమెక్స్‌కే అప్పగించింది. వెనిజులా 2007లో విదేశీ చమురు సంస్థల ఒప్పంద షరతులు మార్చినప్పుడు ఎక్సాన్ బయటికి వచ్చి ఏళ్ల తరబడి మధ్యవర్తిత్వ కేసు నడపగలిగింది. ఒకటి రెండు క్షేత్రాలే ఆస్తిగా ఉన్న సంస్థకు అటువంటి పరిస్థితిలో అప్పు కూడా పుట్టదు.

ఆంధ్ర సరిహద్దులోని గంజాం జిల్లాలో ఉంటున్న మాకు ఇది దూరదేశపు సంగతి కాదు. ఒడిశా తీరం వెంబడి మహానది బేసిన్‌లో గ్యాస్ జాడలు దొరికి చాలా కాలమైనా ఉత్పత్తి మొదలుకాలేదు. గంజాం యువకులు మాత్రం ఇప్పటికీ పని కోసం సూరత్‌కు రైలెక్కుతున్నారు. ఈ బ్లాకులను చిన్న సంస్థలకు ఇచ్చేటప్పుడు, ఒప్పందం నాటి పన్ను, రాయల్టీ షరతులు గడువు ముగిసేదాకా మారవని కేంద్రం రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి. వెనిజులాలోని సాన్ క్రిస్టోబల్ క్షేత్రంలో 40 శాతం వాటా ఉన్న, ఓఎన్జీసీ విదేశీ విభాగమైన ఓఎన్జీసీ విదేశ్‌కు ఏళ్ల తరబడి డివిడెండ్లు నిలిచిపోయాయి. అది ప్రజల సొమ్ము కనుక, అక్కడ కొత్త పెట్టుబడి గురించి మాట్లాడే ముందు ఆ బకాయిల వసూలుకు గడువు రాయించుకోవాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా