మెటీరియల్ పీడీఎఫ్ పుస్తకానికి పనికొచ్చేలా ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

దేవరకొండలో మాది జిరాక్స్ షాపు. పరీక్షలు దగ్గర పడ్డాయంటే చాలు, పదో తరగతి పిల్లలు, గ్రూప్స్‌కు చదివేవాళ్లు మీ పత్రిక వెబ్‌సైట్‌లోని స్టడీ మెటీరియల్‌ను ఫోన్‌లో తెచ్చి, "అక్కా, బుక్కులెక్క కొట్టియ్యి" అంటారు. ఏ4 కాగితం మీద అటు రెండు, ఇటు రెండు పేజీలు వేసి మధ్యకు మడిచి కుడితే కాగితం సగం కలిసొస్తుంది. పుస్తకం సంచిలో నలగదు, స్పైరల్ లాగా అంచులు చిరగవు.

పేజీల వరుస సంగతి మీకు చెప్పక్కర్లేదు. 12 పేజీల పేపర్ విప్పితే పై షీటు మీద ఒకవైపు 12, 1, రెండోవైపు 2, 11 ఉంటాయి. ఏ జత కూడినా 13. నా దగ్గరా అదే లెక్క. 16 పేజీల ఫారంలో (అంటే కలిపి మడిచే నాలుగు కాగితాల కట్టలో) మొదటి కాగితం ముందు 16, 1; వెనక 2, 15. ఏ జతైనా 17 రావాలి. 80 పేజీలను ఒకే మడతలో పెడితే లోపలి కాగితాలు బయటికి పొడుచుకొస్తాయి. అందుకే ఐదు ఫారాలు చేసి, మడత మీద దబ్బనంతో మూడు రంధ్రాలు పొడిచి, మైనం రాసిన దారంతో వేటికవి కుట్టి, వీపుకు మైదా జిగురు పూస్తాను. జిగురులో చిటికెడు మైలతుత్తం వేస్తే పురుగు పట్టదు. అట్టకు పాత క్యాలెండర్ చాలు. (ఇంట్లో ప్రింట్ తీసుకునేవాళ్లకు వెనక పేజీ తలకిందులుగా వస్తే ప్రింటర్ సెట్టింగ్‌లో "ఫ్లిప్ ఆన్ షార్ట్ ఎడ్జ్" పెట్టుకోండి.)

ఇబ్బందల్లా మీ పీడీఎఫ్‌తోనే. ఏ4 పేజీ సగం కాగితంలోకి దిగితే 12 పాయింట్ల అక్షరం దాదాపు ఎనిమిదిన్నరకు పడిపోతుంది. అందులోనూ మూడు కాలమ్‌లు! వత్తులు, గుడులు కలిసిపోయి "క్ష"కూ "క్ష్మ"కూ తేడా తెలియదు. ముఖ్యమైన ప్రశ్నలన్నీ ముదురు రంగు డబ్బాల్లో పెడతారు. కంప్యూటర్‌లో బాగానే కనిపిస్తాయి, నలుపు తెలుపులో మాత్రం బూడిద మీద బూడిద. టోనర్ ఖర్చు నాది, చదవలేని తిప్పలు పిల్లలది.

కాబట్టి ప్రింట్ కోసం ఇంకో పీడీఎఫ్ కూడా పెట్టండి. ఒకే కాలమ్, 16 పాయింట్ల అక్షరం, తెల్ల నేపథ్యం, కుట్టు పడే వైపు కాస్త ఎక్కువ మార్జిన్. పేజీలు నాలుగుతో తెగకపోతే చివర సూత్రాల పట్టికో, పాత ప్రశ్నపత్రమో వేయండి. ఏమీ లేకపోతే ఖాళీగా వదిలేయండి, పిల్లలు లెక్కలు చేసుకుంటారు.

ఇట్లు,
ఒక జిరాక్స్ షాపు యజమానురాలు,
దేవరకొండ, నల్లగొండ జిల్లా